పెళ్లి ఖర్చు: ముందుగా తగ్గాల్సింది ఎవరు?

2021 ఆషాఢంలో ఒక వీడియో తెలుగు వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. రాజమండ్రి వైపు నుంచి యానాంలోని అల్లుడింటికి వెళ్లిన సారె అది. టన్ను చేపలు, టన్ను కూరగాయలు, పది మేకలు, 50 కోళ్లు, ఇవి కాక స్వీట్లు, జాడీల కొద్దీ పచ్చళ్లు. ఆర్నెల్లు తిరక్కుండానే 2022 సంక్రాంతికి నరసాపురంలో కాబోయే అల్లుడికి 365 రకాల వంటకాలు పెట్టారన్న వార్త వచ్చింది. అప్పటి నుంచి ప్రతి సంక్రాంతికీ ఏదో ఒక ఊరి నుంచి, అంకె మాత్రం మారి, అదే వార్త వస్తోంది. చూసినవాళ్లలో కొందరు "మర్యాదంటే గోదావరి వాళ్లదే" అన్నారు, కొందరు "తిండి దండగ" అని తిట్టారు. తిట్టినవాళ్లు కూడా ఫార్వర్డ్ చేశారు, ఆ ఇంటివాళ్లకు కావలసిందీ అదే.

ఇదంతా డబ్బున్నవాళ్ల పిచ్చి అని తీసిపారేయడం తేలిక. కానీ నెలకు పాతిక వేలు వచ్చే ఇంట్లో కూడా కూతురి పెళ్లి పది లక్షలు దాటుతోంది, అందులో అప్పెంతో ఆ ఇంటివాళ్లకే తెలుసు. ఆ తండ్రికి ఆడంబరం మీద మోజేమీ ఉండదు. చాలాసార్లు ఆయనకసలు ఇష్టమే ఉండదు. ఫంక్షన్ హాల్ అడ్వాన్సు కట్టేటప్పుడు, కేటరింగ్ వాడితో మెనూ మాట్లాడేటప్పుడు, ప్రతి దగ్గరా లోపల ఒకటే టెన్షన్: పోయినేడాది తోడల్లుడి ఇంట్లో ఇరవై రెండు ఐటమ్స్ పెట్టారు, మనం పద్దెనిమిది పెడితే ఎలా ఉంటుంది? ఆ తోడల్లుడు అంతకు ముందేడాది ఇంకెవరినో చూసి పెట్టినవాడే. అందరూ ఒక మెట్టు ఎక్కాక ఎవరి ఎత్తూ పెరిగినట్టు కాదు, ఖర్చు మాత్రం పెరిగింది.

పరువు కోసం, నలుగురికీ కనబడటం కోసం చేసే ఖర్చు గురించి అమెరికా ఆర్థికవేత్త థార్‌స్టీన్ వెబ్లెన్ 1899లోనే రాశాడు. ఆయన రాసింది అక్కడి కొత్త కోటీశ్వరుల గురించి. మన దగ్గరికొచ్చేసరికి కథ కొంచెం వేరు. కర్ణాటక పల్లెల్లో పెళ్లి ఖర్చుల మీద విజయేంద్ర రావు మరో ఇద్దరు పరిశోధకులతో కలిసి చేసిన అధ్యయనం 2004లో వచ్చింది. అందులో తేలిన సంగతి ఆసక్తిగా ఉంటుంది: అల్లుడు సొంతూరి వాడైతే పెళ్లి వేడుక కాస్త తక్కువలో అవుతుంది, బయటి ఊరివాడైతే ఖర్చు పెరుగుతుంది. ఎందుకంటే ఊళ్లో కుర్రాడు ఎలాంటివాడో, వాళ్లకెంత ఉందో ఊరందరికీ తెలుసు. బయటి సంబంధం ఎంత గొప్పదో ఊరివాళ్లకు తెలిసేదెలా? పందిరి చూసి, భోజనం చూసి అంచనా కట్టుకుంటారు. అంటే "మేం మంచి ఇంట్లోనే ఇచ్చాం" అని ఊరికి చెప్పే మాటే ఆ ఖర్చు. మాట్లాడకుండా మాట్లాడటం కాబట్టి, ఖరీదు ఎక్కువ.

ఇప్పుడు దాదాపు అన్నీ బయటి సంబంధాలే. అబ్బాయి హైదరాబాదులోనో బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉంటాడు. పైగా చూసేవాళ్లు ఒకప్పటిలా ఊరి నలుగురే కాదు. పెళ్లికి రానివాళ్లు కూడా ఫోన్లో చూస్తారు, ఆ రోజు చూసి ఊరుకోరు, ఏళ్ల తరబడి చూస్తూనే ఉంటారు. ఫోటోలో ఒకసారి పడిన చీర మళ్లీ కట్టడానికి మొహమాటం. పట్టుచీర ఖరీదును మించిపోయే మగ్గం వర్క్ జాకెట్లు కుట్టించుకోవడం, ఒకటి రెండుసార్లు వేసి బీరువాలో పెట్టడం, ఈలోగా ఒళ్లు వచ్చి అది పట్టకపోవడం, ఇది ఏ ఇంట్లో అడిగినా చెప్పే ముచ్చటే. నలుగు, పెళ్లికూతుర్ని చేయడం ఇంటి ముందు పసుపు నీళ్లతో అయిపోయేవి, ఇప్పుడు హల్దీకో సెట్టు, మెహందీకో సెట్టు, సంగీత్‌కో సెట్టు, ఒక్కోదానికి బట్టల రంగు కోడ్. ఓణీల ఫంక్షన్లు చిన్నసైజు పెళ్లిళ్లయ్యాయి, న్యూజెర్సీలో ఉన్నవాళ్లయినా తక్కువేం తినలేదు.

ఇక దీనివల్ల ఖర్చయ్యేది డబ్బొక్కటే అయితే, ఎవడి డబ్బు వాడిష్టం అనుకోవచ్చు. కానీ అందులో నీళ్లున్నాయి, కరెంటుంది, డీజిలుంది, ఎక్కడో తవ్విన కొండలున్నాయి.

భోజనం దగ్గర మొదలుపెడదాం. పాత బంతి భోజనంలో వడ్డించేవాడు ఆకు ముందుకొచ్చి అడిగేవాడు, వద్దంటే చెయ్యి అడ్డం పెట్టేవాళ్లు. ఇప్పుడు చాలా పెళ్లిళ్లలో బంతి ఉన్నా, జనం వచ్చి కూర్చునే సరికే ఆకు నిండా ఐటమ్స్ అన్నీ పెట్టేసి ఉంటాయి. రెండు స్వీట్లు, రెండు హాట్లు, పులిహోర, మూడు వేపుళ్లు, పనసపొట్టు కూర, పచ్చళ్లు. షుగర్ ఉన్న పెద్దాయన ఆకులోనూ బూరె, జాంగ్రీ ఉంటాయి. ఆయన ముట్టుకోడు, అవి అలాగే ఆకుతో పాటు మడిచి డ్రమ్ములోకి వెళ్తాయి. ఒక బంతి లేచి ఇంకో బంతి కూర్చోవడానికి టైమ్ కలిసిరావాలి కాబట్టి కేటరింగ్ వాళ్లకు ఇది సౌకర్యం. ఫోటోలో ఆకు నిండుగా కనిపిస్తుంది కాబట్టి పెళ్లివారికీ సంతోషమే. బఫేలో దీనికి భిన్నమైన నష్టం: మళ్లీ లైన్లో ఎవరు నిలబడతార్లే అని ఒకేసారి ప్లేటు నింపుకోవడం, సగంలో వదిలేయడం. వీటికి తోడు ప్లేట్ల లెక్క. ఎనిమిది వందల మంది వస్తారని తెలిసినా వెయ్యికి చెప్తారు, తక్కువ పడితే పరువు పోతుందని. మిగిలితే ఎవరూ ఏమీ అనరు కదా, మిగలడమే దొడ్డ చెయ్యి అనిపించుకుంటుంది.

ఓ చిన్న లెక్క వేద్దాం. వెయ్యి మంది పెళ్లిలో మనిషికి వంద గ్రాముల అన్నం చొప్పున వృథా అయిందనుకుందాం, అంటే నాలుగు ముద్దలు. మొత్తం వంద కిలోల అన్నం, బియ్యంగా చూస్తే దగ్గర దగ్గర 35 కిలోలు. కిలో బియ్యం పండడానికి ప్రపంచ సగటున 2,500 లీటర్ల నీళ్లు పడతాయన్నది లెక్క. అంటే ఆ నాలుగు ముద్దల వెనక సుమారు 87 వేల లీటర్లు, వేసవిలో కాలనీలకు వచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్లు పదిహేడు. చికెన్ అయితే కిలోకు 4,300 లీటర్ల దాకా ఉంటుంది, మటన్ ఇంకా ఎక్కువ. బోరు మోటారుకు కాలిన కరెంటు, ఎరువు, లారీ డీజిలు, వంట గ్యాసు ఇందులో కలపలేదు. మిగిలిన అన్నం పంచే స్వచ్ఛంద సంస్థలు చాలా ఊళ్లలో ఉన్నాయి, మంచి పనే చేస్తున్నాయి. కానీ వాళ్లకు ఫోన్ వచ్చేది రాత్రి పదకొండు తర్వాత. మధ్యాహ్నం వండిన పప్పు, కొబ్బరి పచ్చడి అప్పటికే పులిసిపోయి ఉంటాయి.

బంగారం కథ వేరు. మన దేశం ఏటా 700, 800 టన్నుల బంగారం దిగుమతి చేసుకుంటోంది, నగల గిరాకీలో పెద్ద వాటా పెళ్లిళ్లదే. కోలార్ గనులు 2001లో మూతపడ్డాక ఇక్కడ తవ్వేది నామమాత్రం. టన్ను రాయి పిండి చేస్తే మూడు నాలుగు గ్రాములు వచ్చే గని మంచి గని కిందే లెక్క, చాలా చోట్ల ఒకటి రెండు గ్రాములే. ఇరవై కాసుల నగలు, అంటే 160 గ్రాములు, టన్నుకు రెండు గ్రాముల చొప్పున చూస్తే 80 టన్నుల రాయి. దాన్ని సైనైడ్ నీళ్లతో కడిగాక మిగిలే పొడి గుట్టలు ఎక్కడికీ పోవు. కోలార్‌లో గని మూసేసి ఇన్నేళ్లయినా ఆ గుట్టలు అలాగే ఉన్నాయి, గాలి వీస్తే ఆ ధూళి చుట్టుపక్కల ఇళ్ల మీదే పడుతుంది.

అయినా ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. బంగారం పారేసేది కాదు. ఆస్తి పత్రాల్లో పేరు లేని ఆడవాళ్లకు చేతిలో ఉండే ఆస్తి అదొక్కటే, కష్టమొస్తే తాకట్టుకు పనికొచ్చేదీ అదే. కరిగిస్తే మళ్లీ బంగారమే. కాబట్టి "బంగారం కొనకండి" అని ఉపదేశం చేసేవాళ్లు ముందు ఆడపిల్ల పేరున పొలమో ఫ్లాటో రాసి మాట్లాడితే బాగుంటుంది. వనరుల లెక్కలో నిజంగా సిగ్గుపడాల్సినవి ఒక్క రోజు కోసం పుట్టి మర్నాటికి చెత్తయ్యేవి: థర్మాకోల్ మండపం, విమానంలో వచ్చిన ఆర్కిడ్లు, ఫోమ్ అంటించిన ఫ్లెక్సీలు, పావు లీటరు నీళ్ల సీసాలు, ఎవరూ వాడని రిటర్న్ గిఫ్టులు, ఊరి చివర ఏసీ హాలు వెనక రాత్రంతా మొత్తుకునే జనరేటర్. లీటరు డీజిలు కాలితే 2.7 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, పెద్ద జనరేటర్ గంటకు ఇరవై లీటర్లు తాగేస్తుంది.

పూర్వం ఇలా లేదు, అంతా పొదుపుగా ఉండేవాళ్లు అనడం మాత్రం అబద్ధం. ఐదు రోజుల పెళ్లిళ్లు చేసినవాళ్లు మన తాతముత్తాతలే. ఇల్లు కట్టి చూడు పెళ్లి చేసి చూడు అన్న సామెత ఊరికే పుట్టలేదు, కట్నాలకూ లాంఛనాలకూ ఎకరాలు అమ్ముకున్న ఇళ్లు ప్రతి ఊళ్లో ఉన్నాయి. తేడా వస్తువుల్లో ఉంది. తాటాకు పందిరి, అరిటాకులు, మామిడి తోరణాలు, బంతిపూలు, అన్నీ వారం తిరిగేసరికి గొడ్లకో పెంటకుప్పకో చేరేవి. గుండిగలు, గంగాళాలు ఊరుమ్మడివో, గుడివో, ఎవరింట్లో పెళ్లయితే అక్కడికి వెళ్లేవి. పరువు కోసం పోటీ అప్పుడూ ఉంది, చెత్త ఇంత లేదు.

మరి చట్టం పెట్టి ఆపొచ్చు కదా అంటే, ప్రయత్నాలు తక్కువేం జరగలేదు. ఆంధ్రప్రదేశ్ కట్న నిషేధ చట్టం 1958లో వచ్చింది, కేంద్ర చట్టం 1961లో. అవి ఏమయ్యాయో పెళ్లిచూపులకు వెళ్లిన ఎవరికైనా తెలుసు. 1963లో బంగారు నియంత్రణ నిబంధనలు తెచ్చి 14 క్యారెట్లకు మించి నగలు చేయొద్దన్నారు. కంసాలుల పొట్ట కొట్టింది, స్మగ్లర్ల పంట పండింది, చివరికి 1990లో బంగారు నియంత్రణ చట్టాన్నే ఎత్తేశారు. జమ్మూ కశ్మీర్ ప్రభుత్వం 2017 ఏప్రిల్ నుంచి ఆడపిల్ల పెళ్లికి 500 మంది, మగపిల్లాడి పెళ్లికి 400 మంది, ఏడు రకాల వంటకాలు అని ఉత్తర్వు ఇచ్చింది, శుభలేఖతో డ్రైఫ్రూట్స్ పంచడం కూడా వద్దంది. ఆ రోజుల్లోనే పెళ్లికి ఐదు లక్షలు దాటి ఖర్చుపెట్టేవాళ్లు పదో వంతు పేద ఆడపిల్లల పెళ్లిళ్లకు ఇవ్వాలని లోక్‌సభలో ఒక ప్రైవేటు బిల్లు వచ్చింది, చట్టం కాలేదు.

మనిషి తలలు లెక్కపెట్టే చట్టాలు ఎందుకు నిలబడవో అర్థం కావాలంటే చదివింపుల పుస్తకం చూడాలి. పెళ్లిలో ఒక మూల కుర్చీ వేసుకుని ఒకాయన రాస్తాడే, ఫలానా ఊరు ఫలానా వారు 516, ఫలానా వారు 1,116 అని, అది ఊరికే జ్ఞాపకం కోసం కాదు. అది అప్పుల చిట్టా. ఆ ఇంట్లో పెళ్లైతే మనం అంతో కొంత కలిపో తిరిగి చదివించాలి. భోజనాలకూ అదే లెక్క, చిట్టా మాత్రం ఉండదు. ఇరవై ఏళ్లుగా వెయ్యి ఇళ్లలో తిని వచ్చినవాడు తన కూతురి పెళ్లికి వంద మందినే పిలుస్తానంటే, మిగతా తొమ్మిది వందల మందికి బాకీ ఎగ్గొట్టినవాడవుతాడు. ఈ మధ్య శుభలేఖల మీద "చదివింపులు స్వీకరించబడవు" అని వేస్తున్నారు. అది వినయంలా కనిపిస్తుంది కానీ, నిజానికి ఆ లెక్కల్లోంచి బయటపడే మొదటి మెట్టు అదే కావచ్చు.

ఈ విషయంలో పాకిస్తాన్ అనుభవం చూడదగ్గది. 1997లో అక్కడ పెళ్లి భోజనాలనే నిషేధించారు, టీ, కూల్‌డ్రింకులతో సరిపెట్టమన్నారు. అది నిలవలేదు, ఎలా నిలుస్తుంది, ఇంటికొచ్చినవాడికి అన్నం పెట్టొద్దంటే? తర్వాత అక్కడి పంజాబ్‌లో, 2016 చట్టంతో సహా, ఒకటే ప్రధాన వంటకం అనే పద్ధతికి వచ్చారు. ఎంతమందినైనా పిలవొచ్చు, వంటకం మాత్రం ఒక్కటే, రాత్రి పదికల్లా ముగించాలి. దాన్ని తప్పించుకునేవాళ్లు అక్కడా ఉన్నారు. కానీ మధ్యతరగతివాడికి ఒక సాకు దొరికింది: "మేం పెట్టలేక కాదండీ, చట్టం ఒప్పుకోదు."

సాకు అనేది చిన్న విషయంలా కనిపిస్తుంది, మొత్తం వ్యవహారం తిరిగేది దాని చుట్టూనే. 2020 మే నుంచి కొన్నాళ్లు పెళ్లికి యాభై మందే అన్నారు. ఆ నెలల్లో పెరట్లో, గుళ్లో, మేడ మీద పెళ్లిళ్లయ్యాయి. ఎవరూ ఎవరినీ పిసినారి అనలేదు. "ఇదే బాగుంది, డబ్బు మిగిలింది, అలసట లేదు" అన్నవాళ్లు కోకొల్లలు. ఆంక్షలు తీసేశాక వాళ్లే మళ్లీ కన్వెన్షన్ సెంటర్లు బుక్ చేశారు. మనసు మారక కాదు, సాకు పోయింది కాబట్టి. అందరికీ ఒకేసారి తగ్గే వీలుంటే తగ్గుతారు, ఒక్కడే తగ్గాలంటే భయం.

మన దగ్గర గౌరవంగా తగ్గే దారులు పాతవి కొన్ని ఉన్నాయి. మొక్కు వాటిలో ముఖ్యమైనది. "అన్నవరం కొండ మీద చేస్తామని మొక్కుకున్నాం" అంటే ఇక ఎవరూ మెనూ అడగరు. తిరుమలలో 2016 నుంచి కల్యాణ వేదికలో పురోహితుడు, మంగళవాయిద్యం, పసుపు కుంకుమలు ఉచితంగా ఇచ్చి పెళ్లి చేయిస్తున్నారు. అయితే కొండ మీద పెళ్లి చేసుకుని కిందికొచ్చి వెయ్యి మందికి రిసెప్షన్ పెట్టేవాళ్లు బోలెడు, అప్పుడు మిగిలిందేమీ లేదు, ప్రయాణాల పెట్రోలు అదనం. ఇంకో దారి స్టేజీ పెళ్లి, దండల పెళ్లి. నాస్తిక ఉద్యమకారుడు గోరా తన కూతురికి దళిత యువకుడితో పెళ్లి తలపెడితే గాంధీ తన ఆశ్రమంలో చేయిస్తానన్నాడు, గాంధీ హత్య తర్వాత 1948 మార్చిలో సేవాగ్రామ్‌లోనే ఆ పెళ్లి జరిగింది. తర్వాత దశాబ్దాల్లో కమ్యూనిస్టు, హేతువాద కుటుంబాల్లో ఇలాంటివి చాలా జరిగాయి: రెండు దండలు, నలుగురి ప్రసంగాలు, టీ బిస్కెట్లు. ప్రసంగాలు కాస్త ఎక్కువయ్యేవి, అది వేరే సంగతి. అక్కడ సాదాతనం లోటు కాదు, సిద్ధాంతం. ఆ గుంపులో ఆడంబరంగా చేసుకుంటేనే తలవంపు. విలువ మారడమంటే ఇదే. ఆశ ఎక్కడికీ పోలేదు, మెచ్చుకోలు వచ్చే చోటు మారింది. ఆ గుంపు పలచబడ్డాక వాళ్ల మనవల పెళ్లిళ్లు మళ్లీ అందరి పెళ్లిళ్లలాగే అవుతున్నాయి.

ఇందులో పేచీ ఏంటంటే, సాదాగా చేసుకుంటే గౌరవం అందరికీ ఒకేలా రాదు. కలెక్టరు రిజిస్టర్ ఆఫీసులో పెళ్లి చేసుకుంటే ఆదర్శం, పేపర్లో ఫోటో పడుతుంది. ఆటో డ్రైవరు అదే పని చేస్తే "పాపం, లేదు కదా" అంటారు. అందుకే పొదుపు గురించి కిందివాళ్లకు చెప్పే సుద్దులు దండగ. ఊళ్లో అందరూ ఎవరి పెళ్లిని చూసి తమ పెళ్లి కొలుచుకుంటారో ఆ నాలుగు ఇళ్లు, ఆ ఎమ్మెల్యే, ఆ కాంట్రాక్టరు, ఆ డాక్టరు, ఆ అమెరికా సంబంధం, అవి ముందు తగ్గాలి. వాళ్లకు తగ్గినా పోయేదేమీ లేదు, ఉన్న సంగతి అందరికీ తెలుసు కాబట్టి.

మరో దారి అందరికీ ఒకేసారి సాకు ఇవ్వడం. సిద్దిపేటలో స్టీల్ బ్యాంకులు పెట్టారు: స్టీలు ప్లేట్లు, గ్లాసులు కొని ఉంచి, ఇళ్లలో ఫంక్షన్లకు వాడుకోవడానికి ఇవ్వడం, వాడి కడిగి తిరిగి అప్పజెప్పడం. ఒకప్పటి ఊరుమ్మడి గంగాళాల పద్ధతే. వార్డు అంతా స్టీలు ప్లేట్లలో పెడుతుంటే డిస్పోజబుల్ ప్లేట్లు తెచ్చినవాడే తేడాగా కనిపిస్తాడు. ఇదే పని మెనూ విషయంలో కుల సంఘాలో, అపార్ట్‌మెంటు అసోసియేషన్లో, గ్రామ పెద్దలో చేయొచ్చు: పిలుపులు మీ ఇష్టం, ఐటమ్స్ మాత్రం పన్నెండు దాటొద్దు, స్వీటు అడిగి వడ్డించాలి. అతిథుల్ని తగ్గించమంటే మనసు ఒప్పదు, పెట్టే రకాలు తగ్గిస్తే కడుపుకేం తక్కువ కాదు.

దీనికి కేటరింగ్ వాళ్లూ పూల రైతులూ చెప్పే అభ్యంతరం న్యాయమైనదే: మీరంతా తగ్గించేస్తే మేమెలా బతకాలి? కడియపులంక పూల మార్కెట్ నుంచి మగ్గం వర్క్ చేసే కుర్రాళ్ల దాకా పెళ్లిళ్ల సీజన్ మీద బతికేవాళ్లు తక్కువ మంది కాదు. అయితే ఖర్చులన్నీ ఒక్కటి కావు. నేతగాడి పట్టుచీర, వంటవాడి చేతి నేర్పు, నాదస్వరం డోలు మేళం, బంతిపూల దండలు, వీటిలో డబ్బు ఎక్కువ భాగం మనుషుల చేతికి వెళ్తుంది, భూమి మీద పడే బరువు తక్కువ. ఎల్ఈడీ గోడ, ఫైర్‌వర్క్స్, ఆర్కిడ్లు, ప్లాస్టిక్ రిటర్న్ గిఫ్టుల్లో సంగతి తలకిందులు. ఇప్పుడు చాలా పెళ్లిళ్లలో జరుగుతున్నదేంటంటే డీజేకి లక్ష ఇచ్చి, మేళం వాళ్ల దగ్గర ఐదు వందలకు బేరం ఆడటం. వారాల తరబడి కూర్చుని నేసిన చీరను పక్కనపెట్టి, సూరత్ నుంచి వచ్చిన మెరుపుల లెహంగాను ఒక సాయంత్రానికి కొనడం. పెళ్లి బడ్జెట్ ఒక్క రూపాయి తగ్గించకుండా ఈ వాటాలు అటూ ఇటూ మార్చినా డీజిల్ లెక్క, చెత్త లెక్క చాలా మారిపోయే పెళ్లిళ్లు ఉన్నాయి. పరువు పోతుందని భయపడేవాళ్లకు మొదట చెప్పాల్సింది ఈ సంగతే, ఎందుకంటే ఇందులో తగ్గినట్టు ఎవరికీ కనబడనక్కర్లేదు.